సముద్రం మీద మిరుగు

ఖాజా భాయ్ పోయిన నలభయ్యో నాడు కోరుట్లలో వాళ్లింట్లో ఫాతిహా ఉందని కబురొస్తే, జగిత్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయాను. నిండా బతికిన మనిషి. మనుమల పెళ్లిళ్లు చూసి, మునిమనుమరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకొని, చాయ్‌లో చక్కెర తక్కువైందని కోడలితో చిన్న జగడం పెట్టుకొని, ఆ చాయే తాగి పడుకున్నవాడు మళ్లీ లేవలేదట. అట్లాంటి చావుకు ఏడవాలంటే కూడా సిగ్గనిపిస్తుంది. అందరికీ బగారన్నం, మటన్ వడ్డిస్తున్నారు. పెద్ద కోడలు మాత్రం లోపలి నుంచి ఒక చిన్న గిన్నె తెచ్చి మా ముసలివాళ్ల ముందు పెట్టి, "మామకు గీ కూరంటే పానం. మీరు గూడ ఇంత తినాలె చిచ్చా" అన్నది. చేపల కూర. ముద్ద నోట్లో పెట్టుకోగానే పులుపు వెనకాల సన్నటి చేదు, ఎండకు మాడిన తొక్క వాసన తగిలాయి. ఎండి నల్లబడిన నిమ్మకాయ అది. మస్కట్ వైపు లూమీ అంటారు. కోరుట్ల మొత్తంలో చేపల పులుసులో దాన్ని వేసే ఇల్లు ఇదొక్కటే అయి ఉంటుంది. ఏడ్పు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఖాజా భాయ్ చిన్న కొడుకు చూసి, "ఏమైంది చిచ్చా, గట్ల నవ్వవడ్తివి?" అన్నాడు. "మీ అబ్బా, మేము సముద్రం మీద చేసిన లొల్లి యాదికచ్చింది బేటా" అన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ లొల్లి మొత్తం వరసగా గుర్తొచ్చింది. అదే రాస్తున్నాను.

మాది రాయికల్ దగ్గర ఒక ఊరు. మా బాపు కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. తెల్లారకముందే లేచి, చెక్క మీద పలుగురాతి పొడి చల్లి గీతకత్తి నూరుతుంటే ఆ చప్పుడుకే మేమందరం లేచేవాళ్లం. ఇంట్లో ఒక మూల కల్లు లొట్లు, ఇంకో మూల అమ్మ, మా పిలుపులో అవ్వ, బీడీలు చుట్టే చాట. తడిపిన తునికాకు, తంబాకు, పులిసిన కల్లు, ఈ మూడింటి వాసన మా గోడలకే కాదు, నా బడిసంచికి కూడా పట్టి ఉండేది. ఈ ఇంట్లో పెరిగినోనికి ఇగ వేరే మత్తు అక్కరలేదని మా మేనమామ ఎగతాళి చేసేవాడు. బాపు ఎక్కువ మాట్లాడడు, దేనికీ కోపగించుకోడు, కానీ చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే మోకును ఎవరైనా దాటి నడిస్తే మాత్రం చూసుకోండి, ఇల్లు లేచిపోయేది. రోజూ ఎక్కే ముందు మోకును వేళ్లతో తడుముతూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పోయేవాడు. నిన్న బాగుంది కదా బాపూ అంటే, "నిన్న ఎక్కిన చెట్టు నిన్ననే దిగిన" అనేవాడు.

మా ఇంట్లో పండుగలన్నీ ఒక ఎత్తు, మిరుగు ఒక ఎత్తు. మృగశిర కార్తె మొదలయ్యే నాడు మా దిక్కు చేప ముక్క తినని ఇల్లుండదు. ఎండలు పోయి వానలు పడే మొదటి దినం కాబట్టి ఒంట్లోకి వేడి పోవాలంటారు. ఆ నాడు తింటే ఏడాదంతా రోగం దరికి రాదంటారు. చేప తినని వాళ్లకు ఇంగువ చుట్టిన పాత బెల్లం ఉండ ఉండనే ఉంది. మా అవ్వ రెండూ పెట్టేది, ఎందుకైనా మంచిదని. అంతకు ముందు రోజే బాపు నన్ను చెరువు దగ్గరికి తీసుకుపోయేవాడు. వానపామును గుచ్చి గాలం వేసి, బెండు కదిలే దాకా ఇద్దరం బొమ్మల్లాగా కూర్చోవాలి. దోమ కుట్టినా కొట్టుకోవద్దు. "గాలం ఏసినోడు ఊపిరి గూడ మెల్లగ తియ్యాలె" అనేవాడు. చేపలు పట్టడమంటే కదలకుండా కూర్చోవడమని నేను పూర్తిగా నమ్మి పెరిగాను.

తర్వాత వానలు మోసం చేశాయి. బావులు అడుగంటాయి, ఈతచెట్లు నిలబడ్డ చోటనే ఎండిపోయాయి. కల్లు పారని చెట్టెక్కి ఏం చేయాలి? ఊళ్లో మగవాళ్లు ఒక్కొక్కరే దుబాయ్ దారి పట్టారు. ఏ దేశం పోయినా మాకు అది దుబాయే. మస్కట్ దాటి ఒక చేపల ఊళ్లో బోటు మీద పని ఉందని నాకు దారి దొరికింది. బోటంటే ఏమిటో, సముద్రం ఎంతుంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపు "చెట్టు మీదికెల్లి పడితె నేలన్న దొరుకుతది. గా నీళ్లల్ల పడితె కాలుకు ఏం తగుల్తదిరా?" అని అడిగాడు. నాకేం తెలుసు? పోయే రోజు తన పాత మోకును చుట్ట చుట్టి నా సంచిలో పెట్టాడు. "గాడ చెట్లుంటయో ఉండయో. నడుముకు కట్టుకునేదుంటె మనిషికి ధైర్నం" అన్నాడు. అందరూ ఆవకాయ సీసాలతో విమానమెక్కుతుంటే నేను మోకుతో ఎక్కాను. బొంబాయిలో సంచి తెరిచి చూసినవాడు, ఇదేమిటని అడిగితే "బెల్టు సార్" అన్నాను. అతను నా నడుమును, ఆ తాడును మార్చి మార్చి చూసి వదిలేశాడు.

మా బోటు వల వేసేది కాదు. షోకుకు చేపలు పట్టే మనుషులను సముద్రం లోపలికి తీసుకుపోయేది. దాని నాఖుదా, అంటే నడిపేవాడు, సలీం. బలూచీ మనిషి కాబట్టి ఉర్దూ వచ్చు. ఖాజా భాయ్ వంటవాడు, నాకు పెద్దన్న లాంటివాడు. నేను మంచు నింపడం, బోటు కడగడం, గాలాలు సర్దడం చూసేవాణ్ని. అక్కడ వానపాము లేదు, బెండు లేదు. జిగ్ అని ఒకటుండేది. సీసంతో పోసి చేప లాగా రంగులేసిన బరువైన ముక్క, దానికి కొక్కెం. ఇంజను ఆపి, ఆ జిగ్‌ను లోతుకు జారవిడుస్తారు. దారం ఒక్కసారి వదులైతే అడుగుకు తాకిందన్నమాట. అప్పటి నుంచి రాడ్‌ను పైకి గుంజుతూ, రీలు తిప్పుతూ, మళ్లీ గుంజుతూ, ఆగకుండా పైదాకా తేవాలి. దెబ్బ తిని పారిపోతున్న చిన్న చేప అనుకొని పెద్దది వెంటబడి మింగుతుంది. మొదటిసారి నాఖుదా ఒక రాడ్ నా చేతికిచ్చి చూడమన్నాడు. నేను జిగ్‌ను అడుగుకు దించి, బాపు నేర్పినట్టు మఠం వేసుకొని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చాలాసేపటికి నాఖుదా వచ్చి, ఏదో పూజ చేస్తున్నానేమో అనుకొని నా వెనకాల నిలబడి ఆగాడట. సంగతి తెలిశాక బోటు పక్కలు పట్టుకొని నవ్వాడు. ఖాజా భాయ్ నన్ను వెనకేసుకొచ్చి, "ఇస్‌కే గావ్ మే మఛ్లీ ఖుద్ ఆతీ హై" అన్నాడు. మా ఊళ్లో చేపలు వాటంతట అవే వస్తాయని.

అంబదాసు ఆ తర్వాత వచ్చాడు. సిరిసిల్ల సాలె మనిషి, నాకంటే చాలా పెద్దవాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర మగ్గం నేసి, మగ్గాలు పోయాక కరెంటు మీద ఆడే సాంచాలు నడిపి, అవీ బందయితే బొంబాయి పక్కన భీవండి పోయి, అక్కడా నిలవలేక మా దగ్గర తేలాడు. ఆ రోజుల్లో సిరిసిల్ల నుంచి మంచి కబురు వచ్చేది కాదు. వాళ్ల గల్లీలో ఒకరి తర్వాత ఒకరు తామే ప్రాణం తీసుకున్నారు. ఆఖరున పోయినవాడు అంబదాసుతో పక్క సాంచా మీద పనిచేసినవాడు, చిన్ననాటి జోడీ. ఇదంతా అతను చెప్పింది కాదు, వేరేవాళ్ల నోట విన్నది. అతను ఏమీ చెప్పడు. చెప్పిన పని చేస్తాడు, పెట్టింది కెలికి లేస్తాడు, నిద్రపోడు. పని లేనప్పుడు బోటు అంచున కూర్చొని నీళ్లలోకి చూస్తుంటాడు. ఆ చూపు నాకు నచ్చలేదు, ఖాజా భాయ్‌కి అసలే నచ్చలేదు. "రాజేశం, గీనె నీళ్లను జూస్తలేడు, దిగే జాగ జూస్తుండు" అన్నాడు ఒకనాడు నా చెవిలో. ఆ రోజు నుంచి అంబదాసును ఒంటరిగా వదలొద్దని ఇద్దరం అనుకున్నాం. గదిలో నడిమి చాప అతనికి. ఒడ్డున ఖాజా భాయ్ పక్కన కూర్చోబెట్టుకొని ఉల్లిగడ్డలు కోయించేవాడు. బోటు మీద మాత్రం ఏం చేయాలో తోచలేదు, చుట్టూ నీళ్లే కదా.

అప్పుడు నాకు సంచిలోని మోకు గుర్తొచ్చింది. నాకున్న చదువు అదొక్కటే. పైన పనిచేసే మనిషి కట్టుకొని ఉండాలి. ఒక పొద్దున మోకు విప్పి ఒక కొస నా నడుముకు, ఒక కొస అతని నడుముకు కట్టి, నడిమి భాగాన్ని బోటు కమ్మీకి చుట్టాను. "నాకు సముద్రమంటె బుగులైతుందన్నా. నువ్వు తోడుంటె ధైర్నం" అని చెప్పాను. అంబదాసు కట్టించుకున్నాడు. నాఖుదా చూసి మండిపడ్డాడు. చెట్టు వేరు, బోటు వేరు. బోటు తిరగబడితే కట్టుకున్నవాడే ముందు మునుగుతాడని తిట్టాడు, కత్తి తీసి కోయబోయాడు. ఖాజా భాయ్ అతన్ని ఇంజను దగ్గరికి తీసుకుపోయి మెల్లగా సంగతి చెప్పాడు. నాఖుదా తిరిగొచ్చి కత్తి లోపల పెట్టాడు. నా ముడి విప్పేసి, ఒక్క గుంజుతో ఊడిపోయే ముడి వేయడం నాకు నేర్పాడు, నాతో మళ్లీ మళ్లీ వేయించాడు. ఆ తర్వాత మా తాడు గురించి ఎవరేమన్నా అతనే సర్ది చెప్పేవాడు. వచ్చిన గిరాకీలు మా ఇద్దరినీ చూసి ఇదేదో హిందుస్తానీ ఆచారం అనుకునేవాళ్లు, కొందరు ఫొటోలు కూడా తీసుకున్నారు.

ఇంతలో మిరుగు వచ్చింది. ఊరికి ఫోన్ చేస్తే అవ్వే గుర్తు చేసింది, గాడ చేపలు దొరుకుతయా బిడ్డా అని జాలిపడింది. సముద్రం మీద ఉన్నవాణ్ని పట్టుకొని ఆ మాట అడిగినందుకు ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుకున్నాను. ఆ రోజు బోటెక్కింది ఇద్దరే, చమురు కంపెనీలో పనిచేసే తెల్లవాళ్లు. ఎండ మండుతోంది. జిగ్ గుంజడం కండ బలంతో అయ్యే పని కాదు, ఆగకుండా ఒకే లయలో పోవాలి. వాళ్లలో భారీగా ఉన్న మనిషి మొదట్లోనే ఉత్సాహంగా గుంజి గుంజి, భుజాలు పట్టేసి, రాడ్‌ను దగ్గర ఎవరుంటే వాళ్ల చేతిలో పెట్టి నీడకు పోయి కూలబడ్డాడు. దగ్గరున్నది అంబదాసు. ఖాజా భాయ్ ఇదే సందని, "పట్టు అంబదాస్, ఇయ్యాల మిరుగు. నీ చేప నువ్వే పట్టుకోవాలె, నేను కొనుక్క రాను" అన్నాడు.

అంబదాసు ముందు రాడ్‌ను చూడలేదు. దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకొని నలిపాడు, పళ్లతో తడిమాడు. తర్వాత జిగ్‌ను వదిలాడు. అడుగు తాకగానే కుడిచెయ్యి గుంజింది. ఒకసారి, ఇంకోసారి, మళ్లీ. నేను జిగ్‌ను చూడడం మానేసి అతని కాళ్లు చూశాను. కుడిచెయ్యి గుంజినప్పుడల్లా కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి బోటు చెక్కను తొక్కుతున్నాయి. మగ్గం మీద నాడెను అటూ ఇటూ పరుగెత్తించే తాడు గుంజే చెయ్యి అది, పలకలు తొక్కే కాళ్లు అవి. సాంచాలు నడిపిన ఏళ్లన్నీ పక్కకు తప్పుకొని చిన్నప్పుడు తండ్రి నేర్పిన నేత బయటికొచ్చింది. నాఖుదా కూడా ఇంజను దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. ఉన్నట్టుండి రాడ్ విల్లు లాగా వంగి, రీలు కీచుమంటూ దారం వదలడం మొదలుపెట్టింది. అంబదాసు తూలి ముందుకొచ్చాడు. నేను వెనక్కి వాలి మోకు బిగబట్టాను. "ఇడువకు అన్నా" అని అరిచాను. అతను నాకు కాదు, దారానికే జవాబు చెప్తున్నాడు. "తెగకు, తెగకు. జెర ఆగు. తెగకు తల్లీ." చేప గుంజితే ఇస్తున్నాడు, వదిలితే చుడుతున్నాడు. ఎన్ని పోగులు తెగకుండా కాపాడిన వేళ్లో అవి. చాలాసేపటికి నీలి నీళ్ల లోపల తెల్లగా ఏదో తిరుగుతూ పైకొచ్చింది. నాఖుదా తోక పట్టి ఎత్తి పడేస్తే బోటు అదిరింది. జెష్ అంటారు అక్కడ. పెద్ద తాంబాళమంత వెడల్పు, వెండి రంగు. ఎత్తుకుంటే రెండు చేతులూ నిండేంత.

అందరం చప్పట్లు కొట్టాం. నీడలో కూలబడ్డ తెల్లాయన లేచొచ్చి, అంబదాసు భుజం తట్టి, ఫొటో తీసి, నీళ్ల వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. అంబదాసు చేపను రెండు చేతులతో పొదువుకొని ఖాజా భాయ్ వైపు తిరిగాడు.

"ఏందట?"

"నీళ్లల్ల ఇడిచిపెట్టుమంటుండు."

"ఎందుకు?"

"గదే వాళ్ల రివాజు. పడుతరు, ఫొటో దిగుతరు, ఇడుస్తరు."

"గట్లెట్ల ఇడుస్తరు? ఇయ్యాల మిరుగు. మిరుగు నాడు చేతికచ్చిన చేపను ఎవలన్న నీళ్లల్ల ఏస్తరా? చెప్పు ఆయనకు."

"మిరుగును ఇంగ్లీషుల ఏమంటరో నాకెట్ల ఎరుకనయ్యా?" అన్నాడు ఖాజా భాయ్.

అప్పుడు అంబదాసు తానే ఆ తెల్లాయనకు ఎదురుగా నిలబడ్డాడు. వచ్చిన రోజు నుంచి మాతో నాలుగు మాటలు కలపని మనిషి, తెలుగు ముక్క రానివాడితో అచ్చమైన సిరిసిల్ల తెలుగులో జగడం పెట్టుకున్నాడు.

"సార్, ఇయ్యాల మిరుగు. మా ఇంట్ల పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుంటది. మా ఆమె నా పేరు మీద ఒక ముక్క పక్కకు తీసి పెడతది. మా పోరగాండ్లు, బాపు తిన్నడో లేడో అనుకుంట తింటరు. రేపు ఫోన్ల అడుగుతరు నన్ను. పట్టిన గని ఇడిచిపెట్టిన అని చెప్పాల్నా నేను? నువ్వే చెప్పు."

తెల్లాయనకు ఒక్క మాట కూడా అర్థమై ఉండదు. కానీ చేపను పిల్లవాడి లాగా ఎత్తుకొని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నిలదీసి అడుగుతున్న మనిషి ఎవరికి అర్థం కాడు? ఆయన మమ్మల్నందరినీ ఒకసారి చూసి, రెండు చేతులు పైకెత్తి, "ఓకే, ఓకే, యువర్ ఫిష్" అన్నాడు. నాఖుదా నవ్వుతూ బోటును ఒడ్డుకు తిప్పాడు. ఆ మధ్యాహ్నం రేకుల నీడలో ఖాజా భాయ్ పొయ్యి పెట్టాడు. కోరుట్ల నుంచి తెచ్చుకున్న చింతపండు అడుగంటిందని అప్పుడు చూసుకొని, తల పట్టుకొని, నాఖుదా ఇంటి నుంచి ఆ నల్ల నిమ్మకాయలు తెప్పించి చితక్కొట్టి వేశాడు. అదే మొదలు, ఇక బతికినన్నాళ్లూ దాన్ని వదల్లేదు. తెల్లవాళ్లిద్దరూ మాతోపాటే చాప మీద కూర్చొని చేత్తో తిన్నారు. కారానికి ముక్కులు కారుతున్నా గిన్నె చాపారు. అంబదాసు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఖాజా భాయ్ పెడుతూ పెడుతూ నా వైపు చూసి, ఏమీ మాట్లాడొద్దని కళ్లతోనే సైగ చేశాడు.

ఇప్పటి సంగతి వేరు. ఎడారిలో ఉన్న కొడుకు పొద్దున ఏం తిన్నాడో రాయికల్‌లో తల్లి ఫోనులో చూస్తుంది. మనసు బాగాలేకపోతే చూపించుకోవడానికి డాక్టర్లున్నారు, మాత్రలున్నాయి, అడగడానికి సిగ్గుపడనక్కర లేదని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. మంచిదే, ఇంకా ఎక్కువ కావాలి. మాకు అప్పుడు ఆ మాటలే తెలియవు. ఒకరికి తాడు తెలుసు, ఒకరికి వంట తెలుసు, ఒకరికి ముడి తెలుసు. అవి సరిపోయాయంటే మా గొప్పతనమేమీ లేదు. అట్లా సరిపోని ఇళ్లు సిరిసిల్లలో ఎన్నో ఉన్నాయి. జగిత్యాల అంగట్లో ఇప్పుడు మిరుగు చేపలు లారీల మీద దిగుతాయి. నేను కూడా కొనుక్కొచ్చి, ముళ్లు గుచ్చుకుంటాయని నా మనుమరాలు మొహం తిప్పుకుంటుంటే ఏరి పెడతాను. కోరుట్లలో ఫాతిహా నాడు నా పక్కన కూర్చొని, కళ్లు సరిగ్గా కనిపించక వేళ్లతోనే ముళ్లు ఏరుకుంటూ తిన్న ముసలాయన అంబదాసే.

కానీ ఆ మిరుగు నాటి పొద్దు ఇంకా గుంకలేదు. తెల్లవాళ్లు వెళ్లిపోయాక, ఎండ తగ్గే వేళకు నేనూ అంబదాసూ బోటు కడుగుతున్నాం. ఖాజా భాయ్ గిన్నెలు తోముతున్నాడు. నాఖుదా ఇంటికి పోవడానికి చెప్పులు వేసుకుంటున్నాడు. అంబదాసు చేతిలోని బుట్ట కింద పెట్టి, అతన్ని పిలిచి, అలవాటైన తెలుగులోనే అడిగాడు.

"రేపు ఎన్ని గంటలకు పోతం?"

నాఖుదాకు అర్థం కాక నా వైపు చూశాడు, చెప్పమని. ఖాజా భాయ్‌ని చూస్తే అతను తోముతున్న గిన్నె మీదికి వంగి, మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. చివరికి ఆయనే తల ఎత్తకుండా, "కల్ కా టైమ్ పూఛ్ రహా హై, నాఖుదా" అన్నాడు. నాఖుదా ఒక్క క్షణం అంబదాసును చూసి, ఫజర్ నమాజు కాగానే అన్నాడు.

"తెల్లారకముందేనట అన్నా" అన్నాను నేను.

అంబదాసు తల ఊపి బుట్ట అందుకున్నాడు. "అయితె జల్ది పండుకుందం తమ్మీ" అన్నాడు.